వాడకపోతే పోయే గంటలు

“...మీ అత్తగారి కళ్లద్దాలకీ నా పళ్లకీ ఏం సంబంధమయ్యా? నా వంతు నేను వాడుకుంటున్నా. మధ్యలో నీకెందుకు మంట?”

“వంతులెక్కడివి తల్లీ, అందరికీ కలిపి ఒకటే కుండ. నువ్వు నోటినిండా పళ్లు కట్టించుకుంటే ఇక మా అత్తగారు గోడలు తడుముకుంటూ తిరగాలి.”

“తిరగనీ. కళ్లు బాగా కనిపించిన రోజుల్లో మాత్రం నిన్ను చూసి మురిసిపోయిందా ఏమిటి!”

వరండాలో గొడుగు మడుస్తున్న పెద్దక్కకు నవ్వొచ్చింది. వంటావిడకీ డ్రైవరుకీ ఇది రోజూ ఉండే భాగోతమే. ఇళ్లు వదిలి వచ్చేసిన కుర్రకారుకి తలదాచుకునే చోటిచ్చే సంస్థ అది. జీతాలు అంతంతమాత్రం. ఆ లోటు కొంతైనా పూడ్చాలని సిబ్బందికి రకరకాల సదుపాయాలు పెట్టారు. పంటికీ కంటికీ వైద్యం, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి ఖర్చు, మధ్యాహ్నం భోజనం, చివరికి మనసు బాగోకపోతే కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక మనిషి కూడా. జీతం పెంచమంటే తల దించుకునే డైరెక్టరుగారు, సదుపాయాల మాటెత్తితే మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయేవారు.

పెద్దక్క నవ్వుతూనే వంటగదిలోకి అడుగుపెట్టింది. “ఏమిటి సంగతి? ఇవాళ పళ్లు గెలిచాయా, కళ్లు గెలిచాయా?”

ఇద్దరూ టక్కున ఆగిపోయారు. డ్రైవరు బండి తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి. వంటావిడ పొయ్యివైపు తిరిగింది.

“టీ తాగుతారా పెద్దక్కా?” అంది, వెనక్కి చూడకుండా.

పెద్దక్కకు వింతగా తోచింది. ఇన్నేళ్లలో వంటావిడ ఆమెను టీ తాగుతావా అని అడిగింది లేదు, మీరు అని మన్నించిందీ లేదు. గాజు గ్లాసు ముందుకు తోసి, చల్లారకముందే తగలెయ్యి తల్లీ అనడమే ఆవిడ మర్యాద. ఇవాళ పై అర అందుకుని, సాసరు మీద కప్పు పెట్టి, ఒలక్కుండా జాగ్రత్తగా తెచ్చి ఇచ్చింది. ఆ కప్పులు సిబ్బందికి ఇచ్చేవి కావు. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చే తల్లిదండ్రులకి ఇచ్చేవి.

“గ్లాసులన్నీ తోమాలి,” అంది వంటావిడ, ఎవరూ అడక్కుండానే.

తోమిన గ్లాసులు కిటికీ కింద వరసగా బోర్లించి ఉన్నాయి.

“ఏమైంది మీ ఇద్దరికీ?”

“ఏం కాలేదక్కా. ఈ వానొకటి,” అన్నాడు డ్రైవరు. అని, ఆ వానలోకే వెళ్లిపోయాడు.

పెద్దక్క అన్నది ఆమె పేరు కాదు, హోదా కూడా కాదు. ఆమె కన్నా పదేళ్లు పెద్దదైన వంటావిడ దగ్గర్నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లదాకా అందరూ అలాగే పిలుస్తారు. భర్త పోయిన ఏడాది, చంకలో పిల్లతో, సగంలో ఆపేసిన నర్సు చదువుతో ఈ గుమ్మం ఎక్కింది. అప్పట్లో ఇక్కడ ఉన్నవి నాలుగు మంచాలూ ఒక బల్లా. కొత్తగా వచ్చినవాళ్ల మొదటి రోజు ఆమె పని. బెదిరిన పిల్లలకి ప్రశ్నలు పడవని ఆమెకు తొందరగానే అర్థమైంది. అందుకే అడిగేవన్నీ తీసేసి మూడే ఉంచింది. ఏం తినవు? పడుకునేటప్పుడు దీపం ఉంచాలా, ఆర్పాలా? నువ్విక్కడ ఉన్నట్టు ఎవరికి తెలియకూడదు?

ఆ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. ఎక్కువగా తండ్రులు, మారుతండ్రులు, అన్నలు. అప్పుడప్పుడు తల్లులు. అలాంటివాళ్లు వెతుక్కుంటూ వస్తే ఏం చెయ్యాలో కూడా పెద్దక్కే అందరికీ నేర్పింది. గొంతు పెంచకూడదు. సాసరు మీద కప్పు పెట్టి ఇవ్వాలి. కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాలి, వెలుగు వాళ్ల మొహం మీద పడేలా. తలుపు ఓరగా తెరిచే ఉంచాలి. మంచినీళ్లివ్వాలి. వాళ్లు ఏడ్చినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా, పిల్ల లోపల ఉందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు.

ఆ రోజు మంగళవారం. మంగళవారం ఉదయం సిబ్బంది అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరి, ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి గురించీ మాట్లాడుకుంటారు. పెద్దక్క టీ ముగించి వెళ్లేసరికి గుమ్మంలో కౌన్సిలర్ ఎదురైంది. పిల్లల మాటలు వినడానికి చదువుకుని వచ్చిన అమ్మాయి. చదువు ఎక్కడిదైనా పని నేర్చుకుంది మాత్రం పెద్దక్క దగ్గరే.

“అక్కా, ఈ వారం మీరు స్టోర్‌రూమ్ చూసుకుంటారా? కొత్త దుప్పట్లు వచ్చాయి.”

“దుప్పట్లెక్కడికీ పారిపోవులే అమ్మా. మీటింగయ్యాక చూస్తా.”

“ఇప్పుడే చూస్తే బావుంటుందక్కా.”

అమ్మాయి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు పెద్దక్కకు బాగా తెలుసు. దారికి అడ్డంగా నిలబడి కూడా, నిలబడనట్టే కనిపించే నవ్వు. దాన్ని ఆ అమ్మాయికి నేర్పింది తనే.

లోపల బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరూ తలెత్తలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీ మీద ఎవరిదో సంచి ఉంది.

స్టోర్‌రూమ్ మెట్ల కిందుంది. దుప్పట్ల మూట విప్పుతూ పెద్దక్క తన తప్పులన్నీ తవ్వుకుంది. ఎవర్నైనా కసిరిందా? పిల్లల్లో ఎవరైనా తన మీద ఏదైనా చెప్పారా? లేక వయసైపోయిందని తీసేస్తున్నారా? తీసేస్తే తీసేయనీ, మొహం మీద చెప్పొచ్చుగా. ఇంత మర్యాద దేనికి? ఆ మర్యాదకే ఆమెకు భయం వేసింది.

నెత్తి మీద మెట్లు కిర్రుమన్నాయి. ఏదో బరువైనది పైకి ఎక్కిస్తున్నారు.

“మెల్లగా, గోడకి రాసుకుంటోంది,” అంటోంది వంటావిడ. “బల్ల కిటికీ పక్కన వెయ్యమన్నారు. చదువుకునే పిల్లట.”

“ఎప్పుడొస్తుందట?” డ్రైవరు గొంతు.

“రేపు సాయంత్రం. నాకు పని పెట్టింది చూడు, ఉల్లిపాయ ముక్క కనబడితే పళ్లెం పక్కకి నెట్టేస్తుందట. దానికి వేరే వండాలి.”

“మెత్తగా ఉడికించు. నీ కొత్త పళ్లకీ పనికొస్తుంది.”

“నీ మొహం. అదికాదు, విను. దీపం అక్కర్లేదందట కానీ తలుపుకి లోపల గొళ్లెం కావాలందట.”

“గొళ్లెమా? ఈ ఇంట్లో గొళ్లెం ఎక్కడుంది?”

“నేనూ అదే అన్నా. పెట్టించమన్నారు సారు. ఏంటోనయ్యా, నా కాళ్లూ చేతులూ ఆడట్లేదు. పొద్దున ఆవిడ మొహం చూడలేకపోయా.”

“ష్. మెల్లగా.”

కింద పెద్దక్క చేతిలోని దుప్పటి జారిపోలేదు. అంచుకు అంచు కలిపి, ఎప్పటికన్నా శ్రద్ధగా మడతపెట్టింది. పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. ఉల్లిపాయ తినని పిల్ల తన కూతురొక్కతేనా, ఊరినిండా ఉంటారు. చదువుకునేవాళ్లూ బోలెడంతమంది. అలా తనకు తాను సర్ది చెప్పుకుంటూనే ఉంది. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి సర్దడానికి మాట దొరకలేదు.

ఈ సంస్థ ఇంట్లోనూ ఒకప్పుడు అన్ని గదులకీ గొళ్లేలుండేవి. చివరి గదిలో ఒక పిల్ల ఉండేది. నెమ్మదైన పిల్ల, ఎవరేం చెప్పినా తలూపేది, ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానక్కా అనేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. పెద్దక్క వెళ్లి తలుపు కొట్టింది, పిలిచింది, తర్వాత భుజంతో గుద్దింది. తలుపు గట్టిది. అది ఊడేసరికి ఇక తొందరపడి లాభం లేకపోయింది.

ఆ మర్నాడే ఇంటిమొత్తం గొళ్లేలు పీకించేదాకా ఆమె ఊరుకోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లి తన కూతురి గది గొళ్లెం, స్నానాలగది గొళ్లెం కూడా విప్పేసింది. పాప అప్పటికి చిన్నది. ఇదేదో ఆట అనుకుని, ఊడిన మేకులు దోసిట్లో పట్టుకుని పక్కనే నిలబడింది.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం కూతురి గది చూడటం మొదలైంది. అరలు తెరవడం, పరుపు ఎత్తడం, సంచి బోర్లించడం, చొక్కా చేతులు పైకి మడిచి గాట్లేమైనా ఉన్నాయేమోనని మోచేతులదాకా చూడటం. సంస్థలో మాత్రం పిల్లల్ని అడక్కుండా వాళ్ల సంచి ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది కూడా పెద్దక్కే. “అక్కడలేనిది ఇక్కడెందుకే?” అని తనతోనే ఉండే తల్లి ఒకసారి అడిగితే, “అది ఆఫీసు, ఇది ఇల్లు,” అంది.

ఆ పిల్ల పోయిన తర్వాతే సంస్థ ఇంకో సదుపాయం పెట్టింది. ఏడాదికి కొన్ని గంటలు సిబ్బంది కౌన్సిలర్ దగ్గర కూర్చుని మనసులోది చెప్పుకోవచ్చు. వాళ్లకి అక్కర్లేకపోతే ఇంట్లోవాళ్లు వాడుకోవచ్చు. వాడకపోతే ఏడాది చివర పోతాయి. అది పెద్దక్క కోసమే పెట్టారని అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. “నాకేం రోగం? నేను బాగానే ఉన్నా,” అంటూ ఏటేటా ఆ గంటల్ని పోనిచ్చింది. పాత కళ్లజోడుకి దారం కట్టుకుని పెట్టుకునే మనిషికి అవి పోతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది. కిందటి పరీక్షలప్పుడు కూతురికి నిద్ర పట్టకపోతే ఆ గంటలు గుర్తొచ్చాయి.

“ఊరికే పోతున్నాయే అమ్మడూ. వెళ్లి వాడుకో.”

“వెళ్లి ఏం మాట్లాడాలి?”

“నీ ఇష్టం. అక్కడన్నది నాలుగు గోడలు దాటదు.”

“నీక్కూడా చెప్పరా?”

“నాక్కూడా చెప్పరు,” అంది పెద్దక్క, గొప్పగా. ఆ కట్టుబాటు తెచ్చింది తనే మరి.

పరీక్షలయ్యాక కూడా కూతురు గురువారాలు వెళ్తూనే ఉంది. నిద్ర పట్టింది. మొహం తేటపడింది. సదుపాయాల్లోకెల్లా ఇదే మంచిదని పెద్దక్క వంటావిడతో వాదించింది కూడా. పళ్లదేముంది, ఊడిపోతాయి.

మడతపెట్టిన దుప్పట్లు అరలో సర్దేసి, ఎవరికీ చెప్పకుండా పెద్దక్క ఇంటికి బయల్దేరింది.

తల్లి ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“ఇప్పుడొచ్చావేమే? ఒంట్లో బాగోలేదా?”

“పాప ఏదీ?”

“ఎక్కడికి పోతుంది? కాలేజీకి.”

“వెళ్లేటప్పుడు మామూలుగానే ఉందా?”

“ఉండకేం? తిన్నది, వెళ్లింది. నాకు తల కూడా దువ్వి వెళ్లింది. ఎన్నాళ్లయిందో దాని చేత్తో దువ్వించుకుని.” ముసలావిడ జడ ముందుకు వేసుకుని చూపించింది. “ఇంకా ఏదో అంది, వేళకి మందులేసుకో అమ్మమ్మా, నాకోసం చూడకు అని.”

పెద్దక్క తలుపు తోసుకుని కూతురి గదిలోకి వెళ్లింది. పక్క మీద ముడత లేదు. పుస్తకాలు ఎత్తులవారీగా పేర్చి ఉన్నాయి. ఎప్పుడూ కుర్చీ నిండా ఉండే బట్టల కుప్ప లేదు. అర తెరిస్తే సగం ఖాళీ. ఇలాంటి గదులు ఆమె చూసింది. చిందరవందరగా ఉండే పిల్లలు ఒక్కసారిగా గది సర్దుకుంటే మురిసిపోకండి, వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది కూడా.

“దాని నీలం స్వెట్టర్ ఏదమ్మా?”

“పక్కింటి పిల్లకిచ్చేసింది. బిగుతైందట.”

బిగుతవలేదు. ఈ చలికాలమే కొన్నది. పెద్దక్క పరుపు ఎత్తింది. బల్ల సొరుగు లాగింది. కిటికీ రెక్కల వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ లేదు. దొరికి ఉంటేనే బాగుండేది అనిపించింది.

“వెతుకు వెతుకు,” అంది తల్లి గుమ్మంలోంచి. “నీకు వెతకడం తప్ప ఏం వచ్చు?”

“అమ్మా, నీకేం తెలీదు. నువ్వు చూడనివి నేను చూశాను.”

“నువ్వు చూడనివి నేనూ చూస్తున్నా. అది బట్టలు మార్చుకోవాలంటే కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టుకుంటుంది. రోజూ ఆ చప్పుడు వినిపిస్తుంది నాకు. ఇంట్లో మగపురుగు కూడా లేదు. ఎవరికని అడ్డం పెట్టుకుంటుంది?”

పెద్దక్క వినిపించుకునే స్థితిలో లేదు. కూతురికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. కాసేపటికి మెసేజ్ వచ్చింది. *క్లాసులో ఉన్నా. బాగానే ఉన్నా.*

ఆ రెండో మాట చివరి గది పిల్ల అన్నదే. గొడుగు అక్కడే వదిలేసి వానలో పడి నడిచింది.

కౌన్సిలర్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తడిసి ముద్దై వచ్చిన పెద్దక్కను చూసి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“కూర్చోండక్కా.”

చూపించిన కుర్చీలో కూర్చుంది. వానవెలుగు సూటిగా కళ్లలో పడింది. కూర్చున్నాక గానీ అది ఏ కుర్చీయో ఆమెకు తెలియలేదు. అప్పటికే గ్లాసుతో మంచినీళ్లు బల్ల మీదికి వచ్చాయి.

“ఒక్కటే అడుగుతా,” అంది. “ఇది నువ్వు చెప్పొచ్చు, కట్టుబాటు ఒప్పుకుంటుంది. దాని ప్రాణం మీదికొచ్చేదేమైనా ఉందా?”

“ఉంటే మీకు చెప్పకుండా ఉంటానా అక్కా? ఆ క్షణమే పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. లేదు. ఒట్టు.”

పెద్దక్క గుండెల నిండా ఊపిరి తీసుకుంది. అది బయటికి వదలకముందే రెండో సంగతి తట్టింది. పైన గది సిద్ధమవుతోంది. ప్రాణభయం లేదు. మరి ఆ పిల్ల దేన్నుంచి పారిపోయి వస్తోంది? ఇంట్లో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరికి పొద్దున తల దువ్వి వెళ్లింది.

“మూడో ప్రశ్న అడిగావా?”

“అందరినీ అడుగుతాం కదక్కా.”

“ఏమంది?”

ఆ అమ్మాయి మంచినీళ్ల గ్లాసు ఒక జానెడు ముందుకు జరిపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ గ్లాసు మాత్రం తొణకలేదు. బాగా నేర్చుకుంది.

“నేను దానికేం తక్కువ చేశానమ్మా? తినడానికి లేకుండా చేశానా, చదివించలేదా? దాని మంచి కోసమే కదా...” అంటూ పెద్దక్క చప్పున ఆగిపోయింది. ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి తల్లీ ప్రతి తండ్రీ అన్న మాటే అది. బల్లకి అవతలి వైపు నుంచి విన్నప్పుడల్లా, ఇక ఈ మనిషితో లాభం లేదు అనుకునేది.

డైరెక్టరుగారు తలుపు మీద వేలితో తట్టి లోపలికి వచ్చారు. కూర్చోలేదు.

“సాయంత్రం నేనే పిలిచి చెబుదామనుకున్నానమ్మా. ఇది కూడా మన సదుపాయాల్లో ఉన్నదే. సిబ్బంది పిల్లలకి అవసరమొస్తే, మిగతా పిల్లలకి లాగే ఇక్కడ చోటిస్తాం.” సదుపాయం అన్న మాట దగ్గర ఆయన మొహం ఇవాళ వెలగలేదు. “కానీ మీరు ఈ ఇంట్లో పనిచేస్తున్నంతకాలం అమ్మాయి ఇక్కడికి రావడానికి లేదు. నది అవతల మన రెండో ఇంటికి ఒక మనిషి కావాలి. ఉండటానికి గది కూడా ఉంది. మీరు అక్కడికి మారితే...”

“మారనంటే?”

“అమ్మాయికి ఇంకెక్కడైనా చూడాలి. తను ఇంటికి మాత్రం వెళ్లనంది.”

“నేను ఉద్యోగమే మానేస్తే?”

“అప్పుడు ఇవేవీ ఉండవమ్మా. ఆ గదీ ఉండదు, గురువారం గంటలూ ఉండవు. ఇవి మీ ద్వారా వచ్చినవే కదా.”

“నా కూతుర్ని నేను పంపను అంటే?”

ఆయన ఇబ్బందిగా కౌన్సిలర్ వైపు చూశారు. పెద్దక్కే తలూపింది. “తెలుసు లెండి. పద్దెనిమిది నిండాయి. ఎంతమంది తండ్రులకి చెప్పానో ఈ మాట.”

పై అంతస్తులో ఎవరో మేకు కొడుతున్నారు.

“రేపు సాయంత్రానికి చెప్పండమ్మా ఏ సంగతీ,” అన్నారు డైరెక్టరుగారు. “నాలుగు రోజులు ఇక్కడ ఉంటే తనే కుదుటపడుతుంది. మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.”

ఆయన మంచివారు, కానీ మొదటిరోజు పిల్లల దగ్గర కూర్చున్నవారు కాదు. నాలుగు రోజులకని వచ్చి ఏళ్లు గడిపినవాళ్లు పెద్దక్కకు తెలుసు. గది ఎంత బాగున్నా, బల్ల కిటికీ పక్కనే వేసినా, చుట్టూ ఏడ్చేవాళ్ల మధ్య ఎవరి చదువూ సాగలేదు. ఒకసారి సంచి సర్దుకుని దాటిన గడప, తిరిగొచ్చేసరికి ఎంత ఎత్తుకు పెరిగిపోతుందో ఆమె చూసింది. తమ ఇంటి గుమ్మందాకా వెళ్లి, తలుపు కొట్టకుండానే వెనక్కి మళ్లిన పిల్లల్ని తనే బండిలో తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ బండి తన వీధిలోకి రాబోతోంది.

నీళ్లు తాగకుండానే లేచింది. మెట్ల దగ్గర వంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“తల్లీ, నాకు తెలిసి కూడా...”

“నువ్వు చెప్పకపోవడమే మంచిదైంది,” అంది పెద్దక్క. “చెప్పి ఉంటే నిన్ను నేనే తిట్టేదాన్ని.”

ఇంటికి చేరేసరికి చినుకులు తగ్గాయి. గుమ్మంలో కూతురి తడి బూట్లు ఉన్నాయి. తల్లి వంటింట్లోంచి తొంగిచూసి, పెద్దక్క వాలకం చూసి, పొయ్యి కట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

లోపలి గది తలుపు మూసి ఉంది. దాని వెనక, నేల మీద కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎక్కడో మొదలై తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆ చప్పుడు ఉంది. పెద్దక్క వినడం ఇదే మొదటిసారి.

ఎప్పటిలాగే ఆమె అరచెయ్యి తోయడానికి లేచింది. తలుపుకి తగలకముందే దింపేసుకుంది. కొడదామన్నా, ఆ ఇంట్లో తలుపు కొట్టడం ఆమెకు అలవాటు లేదు.

“ఎవరూ?” అంది లోపల్నుంచి కూతురు.

“నేనే. లోపలికి రానులే.”

తలుపు అవతల కుర్చీ మీద కూర్చున్న చప్పుడు.

“చెప్పేశారా నీకు?”

“ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పరు కూడా. ఉల్లిపాయల మాట చెవిన పడింది, అంతే.”

లోపల చిన్నగా ఏదో వినిపించింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

“నీ మీద కోపం లేదమ్మా నాకు.”

“తెలుసే.”

“తెలీదు నీకు. కోపమైతే అరిచేదాన్ని. నువ్వు ఇంట్లోకి రాగానే నా చేతులు వాటంతటవే ముందుకొచ్చేస్తాయి, చూపించడానికి. నువ్వు అడక్కపోయినా సరే. మొన్న కాలేజీలో మేడం పిలిచినప్పుడు కూడా అలాగే చాచేశాను. అందరూ చూశారు. నేనెప్పుడూ ఏమీ చేసుకోలేదమ్మా. ఒక్కసారి కూడా. ఏదో ఒకరోజు నీకు దొరకడం కోసమైనా చేసుకుంటానేమోనని భయమేస్తోంది.”

వంటింటి గుమ్మంలో ముసలావిడ గోడకు ఆనుకుంది.

పెద్దక్క తలుపు పక్కనే నేల మీద కూర్చుంది. తడిబట్టల్లోంచి నీళ్లు గచ్చు మీద పాయలు కట్టాయి.

“నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు అమ్మడూ. రేపు పొద్దున నేను నది అవతలి ఇంటికి మారిపోతున్నా. ఉద్యోగం అక్కడే, ఉండటం అక్కడే. ఇక్కడ నువ్వూ అమ్మమ్మా ఉండండి. నువ్వు రమ్మంటేనే వస్తాను.”